మలీద ముద్ద: ఉత్తర తెలంగాణపు పంట పండుగలలోని పొత్తు

సద్దుల బతుకమ్మనాడు కరీంనగర ప్రాంతమున ఏ వంటయింటిలోనికి తొంగిచూచినను పొయ్యిపై పెనము, ప్రక్కను బెల్లపు దిమ్మ, ఇల్లాలి చేత వేడి రొట్టెయు గనబడును. ఆమె యా రొట్టెను తునకలుగా విరిచి, రెండు చేతులతో నలిపి, బెల్లమును నేతిని గలిపి ముద్దలు గట్టుచుండును. ఇదేమని యడిగినచో "మలీద" యని చెప్పును. పీర్ల పండుగనాడు ఆ వీధినుండియే పీర్ల కొట్టమునకు బోవు పళ్లెరములో నుండునవియు నీ ముద్దలే. వాని పేరును మలీదయే. ఈ మాట పారసీకమునుండి వచ్చినది. ఆ భాషలో మాలీదన్ అనగా నలుపుట, పిసుకుట. గౌరమ్మ నైవేద్యమునకు పారసీకపు పేరెట్లబ్బినదని యా యిల్లాలికి సందేహము పుట్టదు. ఆమె యత్త చేసినది, అత్తయొక్క యత్త చేసినది. పేరుతో పనియేమి?

మలీద నెరుగని కోస్తా సోదరీమణులకొరకు రెండుమాటలు. సజ్జపిండి గాని గోధుమపిండి గాని కొంచెము గట్టిగా కలిపి, దళసరి రొట్టెలు కాల్చవలెను. వేడి యారకముందే రోటిలో వేసి దంచియో, చేతనే నలిపియో పొడి చేయవలెను. తరిగిన బెల్లమును ఆ వేడిలోనే కలిపినచో అది కరిగి పిండిని పట్టుకొనును. తగినంత నేయి, ఉన్నయింట ఏలకులు, వేయించిన పల్లీలు, నువ్వులు. చేతికి వచ్చినంత ముద్ద. పాకము పట్టవలసిన పని లేదు, నూనె మూకుడు పెట్టవలసిన పని లేదు. పంట చేతికి వచ్చి వంటకు తీరికలేని దినములలో పుట్టిన తినుబండారమని దాని తీరే చెప్పుచున్నది. పీర్ల మలీదకును బతుకమ్మ మలీదకును చేయుటలో భేదమేమియు లేదు. చేసిన పిమ్మట ఒకదానిని పూలముందు పెట్టుదురు, రెండవదానిని ఊదుపొగముందు పెట్టుదురు.

ఈ రెండు పండుగలును ఒక్కొక్కప్పుడు ఒక్క వారములోనే వచ్చుట గలదు. 2016వ సంవత్సరమున అక్టోబరు 9వ తేదీ సద్దుల బతుకమ్మ, 11వ తేదీ దసరా, 12వ తేదీ పీర్లకు పదవదినము. అనగా నాలుగు దినములలో రెండుసార్లు మలీద. ఆ దసరానాడే పాత కరీంనగరు జిల్లా కరీంనగరు, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల యను పేర్లతో విడివడినది. కొన్ని భాగములు పొరుగు జిల్లాలలో జేరినవి. ఆదిలాబాదు జిల్లా ఆదిలాబాదు, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాదుగా నాలుగైనది. కాగితముపై జిల్లాలు మారినవి గాని, మేమిందు పాత పేర్లనే వాడుచున్నాము. పండుగలు పాత హద్దులనే యెరుగును.

ఏటేట నిట్లు రెండును కలిసిరాకపోవుటకు కారణము తెలిసికొనుట మంచిది. హిజ్రీ సంవత్సరము కేవల చాంద్రమానము. దానికి 354 లేక 355 దినములే. మన పంచాంగమును చాంద్రమానమే యైనను అధికమాసముతో సర్దుకొని ఋతువును విడువదు. హిజ్రీలో నా సర్దుబాటు లేదు గనుక పీర్ల పండుగ ఏటికి పదునొకండు దినములు చొప్పున వెనుకకు జరుగుచు, ముప్పదిమూడేండ్లకు సుమారొక చుట్టు తిరిగివచ్చును. కావున నొకతరమువారికి నాట్లకాలపు పండుగ, మరియొకతరమువారికి కోతలకాలపు పండుగ, వేరొకతరమువారికి మండువేసవి పండుగ. 2012 మొదలు 2014 వరకు అది నవంబరులో, వరికోతల నడుమ వచ్చినది. మరల దసరా సమీపమునకు వచ్చుట 2048-49 ప్రాంతమున.

పంటకును ఈ లెక్కకును పొత్తు కుదరక చిక్కుపడినవారు ప్రభువులే. శిస్తు పంట చేతికి వచ్చిననాడే వసూలు గావలెను. హిజ్రీ మాసము చూచి యడిగినచో రైతు చేను పచ్చిగానే యుండును. అందుచేత అక్బరు కాలమున ఫసలీ సంవత్సరమని యొకటి యేర్పడినది. ఫసల్ అనగా పంట. నిజాము రాష్ట్రమున కచ్చేరి కాగితములపై నీ ఫసలీ సంవత్సరమే వ్రాయుచుండిరి; దానికి 590 కలిపిన క్రీస్తుశకము వచ్చును. 1357 ఫసలీ యనగా 1947-48. కరీంనగర, ఆదిలాబాదుల పాత దస్తావేజులు తీసిచూచినచో నీ యంకెలే యుండును. మసీదుకు బోవు ప్రభువైనను, గుడికి బోవు పటేలైనను, ఏటిని లెక్కించుకొన్నది పంటతోనే యనుట కిది సాక్ష్యము.

ఇక పంట యిల్లు చేరుటకు ముందు నిలుచు తావు కళ్లము. యంత్రపు కోతలు రాకపూర్వము ప్రతి రైతును చేనిదగ్గర నేల చదును చేసి, పేడతో నలికి, కంకులను పరచి, ఎద్దులచే ద్రొక్కించి, గాలివాలు చూచి చేటతో తూర్పారబట్టుచుండెను. రాశి పోసిన పిమ్మట దానిమీద సున్నపుగీతయో బూడిదగీతయో గీచి, ముందు దేవునిపేర కొంత, తరువాత మేరలు. మేరయనగా ఊరివారికి ధాన్యరూపమున నిచ్చు పాలు. వడ్లవాడు నాగలి చెక్కినందుకు, కమ్మరి కర్రు సాగదీసినందుకు, కుమ్మరి కడవ లిచ్చినందుకు, చాకలి, మంగలి, చెరువునీరు విడిచిన నీరటివాడు, చెప్పులు కుట్టినవాడు, అందరును కళ్లమునకు వచ్చుచుండిరి. ముసల్మాను కుటుంబము లున్న కొన్ని పల్లెలలో ముల్లాయును వచ్చుచుండెను. పెండ్లికో మ్రొక్కుబడికో హిందువుల యింట మేకను గోసినపుడు కత్తి పట్టుటకు పిలిచినది అతనినే. తమయింట ముల్లాచే కోయించిన మాంసమైనచో ముసల్మాను నేస్తులును పంక్తికి రాగలరను నిమిత్తము దీనిలో నున్నది. వచ్చు బంధువు తినగలడా లేడా యని ముందుగా నాలోచించుట గృహిణి గుణము. ఊరంతయు నొక గృహిణివలె ఆలోచించిన యాచార మిది.

కళ్లమున స్త్రీల పాలు వేరుగా నుండెను. కోసిన చేనిలో రాలిన కంకుల నేరుకొనుటకు పరిగె యని పేరు. పరిగె నేరువారిని తరుముట తప్పుగా నెంచిరి. విధవరాలు, కూలిపని దొరకని ముదుసలి, పిల్లలతల్లి, వీరిది పరిగె. ఆమె యే కులముది, ఏ మతముది యని చేనుగలవాడు విచారించుట లేదు.

అయితే మేమిచట నొక మాట దాచరాదు. ఈ మేరల పద్ధతిని స్వర్ణయుగమువలె వర్ణించువారు కొందరున్నారు. కళ్లమునకు వచ్చినవారందరును ఒకే దూరములో నిలువలేదు. రాశికి దగ్గరగా వచ్చువాడొకడు, కొంగుపట్టి దూరమున నిలుచువాడొకడు. మేరను హక్కుగా గొనిపోయినవారును గలరు, బిచ్చమువలె గొనిపోయినవారును గలరు. దొరల గడులలో వెట్టిచాకిరి చేసిన చాకలివనితకును, కుమ్మరివనితకును పండుగ యనగా రెండింతల పనియే. 1946 మొదలు 1951 వరకు తెలంగాణమున జరిగిన రైతుల సాయుధపోరాటము ఊరకయే పుట్టలేదు. కావున పూర్వపు పల్లెలో మతములనడుమ చనువుండెననుట నిజమేకాని, కులములనడుమ సమత్వముండెననుట నిజము కాదు. ఈ రెంటిని విడదీసి చూడనిచో పొగడ్త యంతయు వట్టి పొగడ్త యగును.

పీర్ల పండుగకు వత్తము. క్రీస్తుశకము 680లో కర్బలా మైదానమున మహమ్మదు ప్రవక్త మనుమడగు హుసేను తనవారితో గూడ వీరమరణము నొందెను. మరణమునకు ముందు వారికి నీరు దొరకనీయలేదు; పసిపిల్లలును దప్పికచే నల్లాడిరి. షియా మతస్థులగు గోలకొండ కుతుబ్ షాహులు 1518 మొదలు 1687 వరకు నేలినపుడు ఆశూర్ఖానాలు కట్టించి యీ దుఃఖస్మరణను ప్రోత్సహించిరి. హైదరాబాదున బాదుషాహీ ఆశూర్ఖానా 1590 దశాబ్దమున మహమ్మదు కులీ కట్టించినది. నగరమున నది సంతాపము. పల్లెకు వచ్చునప్పటికి దాని రూపు మారినది. ఇచట పీరు గ్రామదేవతకు తోడబుట్టినవానివలె నైనాడు.

నెలవంక కనబడినపుడు పీర్ల కొట్టము సున్నమువేసి, ఎదుట గుద్దలి పెట్టి గుండము త్రవ్వుదురు. దానికి అలావా యని పేరు. ఏడాదిపొడుగున పెట్టెలో నుండిన పీర్లను, అనగా పంజా యాకృతిగల లోహపు గురుతులను, వెలికితీసి కడిగి, కర్రకు గట్టి, దట్టీలు చుట్టుదురు. ఎర్రదట్టీ, పచ్చదట్టీ మ్రొక్కుకొన్న యిండ్లనుండి వచ్చును. రాత్రులు గుండములో నిప్పు వెలిగించి, చుట్టును చేరి పురుషులు పాటలు పాడుచు అడుగులు వేయుదురు. పదవనాడు పీర్లు వీధివీధి తిరిగి, చెరువుకో వాగుకో పోయి చల్లబడి, మరల పెట్టెను జేరును.

పీరు నెత్తుకొనువాడు ముసల్మానే కానక్కరలేదు. చాలపల్లెలలో కాపువాడో, గొల్లవాడో, చాకలివాడో, సాలెవాడో తరతరములుగా నెత్తుకొనుచుండును. ఒక్క ముసల్మాను కుటుంబమైనను లేని పల్లెలలోను పీర్లకొట్టములు గలవు. అచట హిందువులే ఊదువేసి నడపుదురు. తెలంగాణమున హిందువుల యిండ్లలో హుసేనయ్య, పీరయ్య, ఫకీరయ్య, సైదులు మున్నగు పేర్లు వినబడుట కిదియే మూలము. బిడ్డ బ్రతికినచో నీ పేరు పెట్టుకొందునని మ్రొక్కుకొన్న తల్లి పెట్టిన పేర్లవి. ఇది తెలంగాణమునకే పరిమితము కాదు. అనంతపురము జిల్లా గూగూడులోని పీర్ల పండుగపై అఫ్సర్ మహమ్మదు ఆంగ్లమున రచించిన గ్రంథము 2013లో వెలువడినది. అచటను హిందువులదే పెద్ద గుంపు.

ఇక స్త్రీల పని. సవారి గడపముందుకు వచ్చినపుడు ఇల్లాలు బిందెతో నీరు దెచ్చి పీరునెత్తుకొన్నవాని పాదములపై బోయును. పసిబిడ్డను పీరునీడలో పట్టును. బెల్లపుపానకము కడవలతో గలిపి వచ్చినవారికెల్ల బోయును. ఈ నీళ్లు పోయుటలోని యర్థ మేమని విచారింపగా మాకు తోచినది యిది: కర్బలా కథలో స్త్రీల హృదయమును పట్టినది యుద్ధము కాదు, దప్పిక. చెరువు నిండనిచో, వాన రానిచో బిడ్డకు పాలుండవని యెరిగిన పల్లె స్త్రీకి, నీరందక చనిపోయిన బిడ్డల కథ పరాయికథ కాజాలదు. ఆమెకు అరబ్బీ రాదు, చరిత్ర రాదు, దప్పిక తెలియును. ఆ యొక్క తెలివితో ఆమె పీరునకు బంధువైనది.

దీనితో బాటు కందూరు. కోర్కె తీరినపిమ్మట దర్గాకు బోయి మేకను గోయించి, అచటనే వండి, వచ్చినవారికెల్ల వడ్డించుట కందూరు. పంట యమ్మి చేత నాలుగు రూకలాడునపుడే యిది చేయగలుగుదురు గనుక కోతలపిమ్మటనే యెక్కువగా జరుగును. బంధువులను బండ్లపై దీసికొనిపోవుట, రాళ్లపొయ్యి, పెద్ద గుండిగ, ఆకులలో భోజనము. ఇందులో హిందూ కుటుంబములే మిక్కిలిగా గానవచ్చును.

వేములవాడ రాజరాజేశ్వరుని సన్నిధిని మాత్రము విడువరాదు. అచటి ప్రధానమగు మ్రొక్కు కోడెమ్రొక్కు. భక్తుడు కోడెను పట్టుకొని గుడిచుట్టు ప్రదక్షిణము చేయించి కట్టివేయును. ఎద్దే సిరియైన రైతు దేవునికిచ్చుటకు ఎద్దుకంటె గొప్ప వస్తువు నెరుగడు. అట్టి గుడి ప్రాకారములోపలనే తరతరములుగా నొక ముసల్మాను మహనీయుని దర్గా వెలసియుండ, రాజన్నకు కోడెను గట్టిన యాత్రికులు దర్గాకు బోయి మ్రొక్కి, ఊదు పెట్టించుకొనుచు వచ్చిరి. ముసల్మానులును రాజన్నకు కోడెను గట్టుదురని యచటివారు చెప్పుకొందురు.

గోదావరి దాటి ఆదిలాబాదు ప్రవేశించినచో ఎద్దు మరింత పెద్దదగును. ఆ పట్టణపు పాతపేరు ఎదులాపురము. ఎద్దుల పురమని కొందరు, బీజాపుర ఆదిల్ షాహులపేర వచ్చినదని కొందరు చెప్పుదురు. ఊరి పేరులోనే రెండు మతములు పందెము వేసికొనుచున్నవి. అచట శ్రావణ బహుళ అమావాస్యనాడు పొలాల పండుగ. ఎద్దులకు ఆ దినమున కాడి లేదు. కడిగి, కొమ్ములకు రంగుపూసి, పూసలదండలు వేసి, హనుమంతుని గుడిచుట్టు త్రిప్పి, ఇంటిముందు నిలిపి ఇల్లాండ్రు హారతి యిత్తురు, తినిపింతురు. గోండుపిల్లలు వానకాలమంతయు వెదురు మరుగోళ్లపై నడచి, మరుసటిదినమున వానిని విడిచివేయుదురు. ప్రత్తిచేల దేశమగుటచే మరాఠీలు, తెలుగువారు, గోండులు, కొలాములు, ముసల్మానులు ఒక సంతలో నమ్ముకొని కొనుక్కొను చోటిది. ప్రత్తి నేకుటకు వచ్చునది తెలుగే మాటలాడు దూదేకుల వారు. సంక్రాంతికి పరుపు క్రొత్తది గావలెనన్న వారి విల్లు మ్రోగవలసినదే.

గోండుల యాచారములను మేము విస్తరించి వ్రాయబోము. అది వేరొక వ్యాసమునకు దగిన సంపద. క్రొత్తధాన్యమును దేవతలకు పెట్టక ముట్టరు. దీపావళికి దండారి దళములు గుస్సాడీ వేషములతో ఒకయూరినుండి యింకొకయూరికి పోయి యాతిథ్యము పొందును. నెమలియీకల కిరీటముల యీ నృత్యమునకు మర్లవాయి కనకరాజు 2021లో పద్మశ్రీ పొందెను; 2024 అక్టోబరులో స్వర్గస్థుడయ్యెను. ఆ మర్లవాయిలోనే 1940 దశాబ్దమున హైమన్‌డార్ఫు దంపతులు కాపురముండి గోండులనడుమ పనిచేసిరి. ఆ విదేశవనిత 1987లో మరణింపగా మర్లవాయి నేలలోనే సమాధి చేసిరి.

కేస్లాపురము నాగోబా జాతరను గూర్చి మాత్ర మొకటి చెప్పెదము. పుష్య అమావాస్యనాడు, వానకాలపు పంట యిల్లుచేరిన పిమ్మట, మెస్రం వంశమువారు నాగోబాను గొల్తురు. అందులకు గోదావరి జలమును కాలినడకన పోయి తెత్తురు. ఆ వంశమునకు కోడండ్రయి వచ్చినవారిని దేవుని యెదుట పరిచయము చేయు భేటింగ్ జరిగినపిమ్మటగాని వారు ఆ పూజలలో పూర్ణముగా పాల్గొనరు. కాని పూజకు గావలసిన కుండలు గోండులు చేయరు. సిరికొండ గ్రామపు కుమ్మరులయొద్దకు బోయి చేయింతురు. గోండుదేవుని పూజ తెలుగు కుమ్మరి చక్రముపై మొదలగుచున్నది. కుమ్మరి మెస్రం వంశము గానక్కరలేదు, మెస్రంవారు కుండలు చేయ నేర్వనక్కరలేదు. ఒకరికొకరు కావలసియుండుటయే చాలును.

ఇంత వ్రాసిన పిమ్మట చదువరులలో నొకరైన నడుగక మానరు: "ఇన్ని పొత్తులున్న ఆదిలాబాదులోనే గదా భైంసా యున్నది?" అవును. 2008 అక్టోబరులో, దుర్గావిగ్రహముల నిమజ్జనోత్సవపు ఊరేగింపు సందర్భమున భైంసాలో కల్లోలము పుట్టినది. రెండు దినముల పిమ్మట సమీపమున నున్న వాటోలి గ్రామమున నొక ముసల్మాను కుటుంబమునకు జెందిన ఆరుగురు, పిల్లలతో గూడ, రాత్రివేళ ఇంటిలోనే దగ్ధమైరి. జమ్మియాకు చేతబెట్టి బంగారమని, అలాయి బలాయి యని కౌగిలించుకొను పండుగ దినములే యవి. మరల 2020లోను 2021లోను ఆ పట్టణమున అల్లరులు జరిగినవి. 2024 సెప్టెంబరులో జైనూరున నొక గిరిజనస్త్రీపై జరిగిన దౌర్జన్యముపై పుట్టిన యాగ్రహము, చేసినవానిని దాటి, ఏ పాపము నెరుగని ముసల్మానుల దుకాణములను, ఇండ్లను గాల్చినది.

కావున పండుగలే మనలను గాపాడునని మేము చెప్పజాలము. ఒక్క సంగతి గమనింపవలెను. ఊరేగింపులు, వాని దారులు, డప్పుల మ్రోతలు, జెండాలు, ఇవన్నియు వీధిలో మగవారిచేత నడచునవి. వచ్చినవా డెవడో యెరుగని గుంపులో కోపము సులువుగా నంటుకొనును. కళ్లములోను, పీరు గడపముందాగిన చోటను, పళ్లెరము ప్రక్కయింటికి బోయిన చోటను, ఎదుట నిలిచినవానికి పేరున్నది, వాని తల్లి మన కెరుక. వాటోలిలో కాలిపోయినవారికిని ఊరిలో నెరిగినవా రుండియే యుందురు గదా, వారేమైరి యను ప్రశ్నకు మాయొద్ద తృప్తికరమగు సమాధానము లేదు. పరిచయ మొక్కటే చాలదు. పరిచయము గలవారు ఆ రాత్రి తలుపుతీసి వెలుపలికి వచ్చు ధైర్యమును గావలెను.

రెండు ప్రక్కలనుండియు వచ్చు నిందయు నున్నది. పీర్లముందు మ్రొక్కుట ఇస్లామునకు విరుద్ధమని ముసల్మానులలో శుద్ధిగోరువారు బోధించుచున్నారు. హిందువులకు పీర్లతో పనియేమని మనలోని శుద్ధిగోరువారు బోధించుచున్నారు. ఇద్దరి మాటయు నొకటే యగుట వింత. ఎవరి మతగ్రంథమును వారు చదువుకొనుట తప్పుకాదు. మ్రొక్కవద్దన్న మనస్సాక్షి గలవారిని మ్రొక్కుమని బలవంతపెట్టుటయు సహనము కాదు. కాని మ్రొక్కుట మానినంతమాత్రమున ఇచ్చిపుచ్చుకొనుటను గూడ మానవలెనని యే గ్రంథమున నున్నది? పళ్లెరమునకు ఫాతెహా చదివించుట యిష్టము లేనివారు పళ్లెరమును పంపుటకు అభ్యంతర ముండకూడదు.

వీరికంటె మౌనముగా పనిచేయు కారణము మరియొకటి కలదు. 1963 జూలై 26న పోచంపాడువద్ద నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగరము కాలువలు వచ్చి కరీంనగరమున వరి పెరిగినది, రెండుపంటల నేలయైనది. సంతోషము. వరితోబాటు కోతయంత్రమును వచ్చినది. కోత, నూర్పు, తూర్పార మూడును నిమిషములలో యంత్రమే చేసి గింజను ట్రాక్టరులో బోయును. కళ్లము లేదు, మేర లేదు, పరిగె కష్టము. మేరలతో వచ్చిన తలవంపు పోయినందుకు మేము విచారింపము. కాని వడ్లవాడును ముల్లాయును రైతు కళ్లమున కలిసికొను కారణ మొకటి పోయినది. నేడు ధాన్యరాశులు కొనుగోలు కేంద్రములలో, రోడ్ల ప్రక్కల ఆరబోయబడుచున్నవి. ఆ కేంద్రములలో ననేకములను పల్లె స్త్రీల పొదుపు సంఘములే నడపుచున్నవి. తూనికయు, తేమ చూచుటయు, చీటి వ్రాయుటయు వారిదే. పూర్వము కళ్లములో పరిగె యేరుకొన్న స్త్రీకి మనుమరాలు నేడు త్రాసుదగ్గర కూర్చున్నది. వరుసలో నెవరి బస్తాలు ముందు తూగవలెనో నిర్ణయించునది ఆమెయే. ఆ వరుసలో మతము చూడక, పెద్దరైతుముఖము చూడక వంతు ప్రకారము తూచిన చోట క్రొత్త కళ్లము పాతదానికంటె మేలనియే మేమెంచుచున్నాము.

ఇండ్లమధ్య నడచు పళ్లెరమునకును కొన్ని మర్యాదలు గలవు. వానిని క్రొత్తకోడండ్రు నేర్చుకొనుట మానుచున్నారు గనుక వ్రాయుచున్నాము. మాంసము ముట్టని యింటికి రంజానునాడు ముసల్మాను గృహిణి వండిన పదార్థము పంపదు. సేమియా, చక్కెర, ఎండుఖర్జూరము, పాలు వేరువేరుగా నమర్చి, మీరే వండుకొనుడని పంపును. హిందూగృహిణి మలీదను ప్రసాదముగా గౌరమ్మ యెదుట పెట్టుటకు ముందే కొన్ని ముద్దలు వేరుగా దీసి ఆ యింటికి పంపును. నైవేద్యము తినుటకు వారికి సంకోచ ముండవచ్చునని ఆమెకు దెలియును. వచ్చిన గిన్నెను ఉత్తగిన్నెగా తిరిగి యీయరు. కడిగి తుడిచి, అడుగున గుప్పెడు బియ్యమో, పిడికెడు చక్కెరయో, పెరటిలో కాచిన నాలుగు నిమ్మకాయలో వేసి, పిల్లదానిచేతి కిచ్చి పంపుదురు.